గీత గీసినప్పుడు ఎదురుగా ఉన్న మనిషి

2017 చివర్లో వియన్నా నగర పర్యాటక సంస్థ ఒక ప్రచారం మొదలుపెట్టింది. ఆస్ట్రియా చిత్రకారుడు ఎగోన్ షీలె చనిపోయి నూరేళ్ళు నిండుతున్న సందర్భంగా అతని నగ్నచిత్రాలను పెద్ద పోస్టర్లుగా వేయించి లండన్‌లోనూ, జర్మనీలోని హాంబర్గ్, కొలోన్ నగరాల్లోనూ పెట్టాలనుకుంది. బహిరంగ స్థలాల్లో అలాంటి బొమ్మలు కుదరవని అక్కడివారు అభ్యంతరం చెప్పారు. సంస్థ బొమ్మలు మార్చలేదు. వాటి మీదే, కప్పమన్న భాగాలు కప్పేలా ఒక పట్టీ అడ్డంగా వేసి, 'క్షమించండి, వయసు నూరేళ్ళు, అయినా ఇవాళ్టికీ మింగుడుపడనంత సాహసం' అనే అర్థం వచ్చే మాటలు దాని మీద రాయించింది. ఆ పోస్టర్ల గురించి ఈ మధ్య మళ్ళీ చదివాను. చదివిన దగ్గరనుంచి ఆ 'సాహసం' అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

ప్రచారంగా అది తెలివైనదే. కప్పమన్నవారిది సంకుచితత్వమేననడంలో కూడా నాకు సందేహం లేదు. అయితే ఆ వాక్యం మొత్తం వ్యవహారాన్ని తెగువ ఉన్న చిత్రకారుడికీ, బెదిరిపోయే సమాజానికీ మధ్య తగాదాగా మార్చేసింది. ఆ కాగితం మీద ఉన్న మనిషి, వియన్నాలో ఒక స్టూడియో గదిలో బట్టలు లేకుండా కూర్చుని అతను గీసినంతసేపూ కదలకుండా ఉన్న మనిషి, ఈ తగాదాలో ఏ పక్షానా కనిపించరు. షీలె నగ్నచిత్రాలను కప్పకూడదు, అటకెక్కించనూకూడదు. కానీ వాటి పక్కన ఎవరు కూర్చున్నారో, వయసెంతో, ఏ పరిస్థితుల్లో కూర్చున్నారో తెలిసినంతవరకు రాసి తీరాలి. తెలియకపోతే తెలియదన్న సంగతైనా రాయాలి. అలా రాస్తే చూపు చెడిపోతుందని చాలామంది భయపడతారు. షీలె గీతను సరిగ్గా చూడాలంటే అదే దారి అని నా నమ్మకం.

ఖాళీ కాగితం మీద దేహం

వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో 1910 నాటి స్వీయ నగ్నచిత్రం ఒకటి ఉంది. ముఖాన్ని వికృతంగా మెలిపెట్టి తనను తాను గీసుకున్న బొమ్మ. అప్పటికి షీలెకు ఇరవై ఏళ్ళు. అంతకు ముందు సంవత్సరమే అకాడమీ చదువు వదిలేసి బయటికి వచ్చాడు. పెన్సిలు, బొగ్గు, గ్వాష్ (కింది పొర కనబడనివ్వని చిక్కటి నీటిరంగు) వాడి గీసిన ఆ బొమ్మకు ఆధారం సామాన్లు చుట్టే మోటు కాగితం. ఆ కాగితపు మట్టిరంగును అతను ఎక్కడా కప్పలేదు, దాన్నే గాలిగా, గదిగా, సమస్త ప్రపంచంగా వదిలేశాడు. గోడ లేదు, నేల లేదు, మంచం లేదు, దేహం దేనికీ ఆనుకుని లేదు. ఆ దేహం చుట్టూ, కాగితానికీ చర్మానికీ మధ్య, తెల్లని గ్వాష్‌తో ఒక అంచు దిద్దాడు. 1910 ప్రాంతపు అతని కాగితాలు చాలావాటిలో ఈ తెల్లని అంచు ఉంటుంది. చూసేకొద్దీ అది మనిషిని లోకం నుంచి కత్తిరించి పక్కన పెట్టినట్టు అనిపిస్తుంది.

అతను గురువులా భావించిన వియన్నా చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్ బొమ్మల్లో దేహం బంగారు నగిషీలో సగం మునిగి ఉంటుంది. షీలె ఆ నగిషీ మొత్తాన్ని తీసేశాడు. తీసేశాక మిగిలినవి ఎముక, కీలు, బిగుసుకున్న వేళ్ళు, చర్మం మీద ఎక్కడపడితే అక్కడ తేలే ఎరుపు, ఆకుపచ్చ మరకలు. నీటిరంగు అనగానే మన కళ్ళకు తోచే తేలికదనం, ఒక పొరలోంచి ఇంకో పొర కనబడే మృదుత్వం ఇక్కడ వేరే పనికి వచ్చాయి. తడి రంగు ఆరేటప్పుడు అంచుల్లో పేరుకునే చిక్కదనాన్ని అతను కమిలిన చర్మంగా వాడుకున్నాడు. పడుకున్న మనిషిని గీసి, ఆ కాగితాన్ని నిలువుగా తిప్పి సంతకం చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అప్పుడు పడుకున్న దేహం గాలిలో వేలాడుతున్నట్టు నిలబడుతుంది. కాగితాన్ని తిప్పడమనే అంత చిన్న పనితో దేహానికున్న ఆధారాన్ని తీసేయవచ్చునని కనిపెట్టిన కన్ను మామూలు కన్ను కాదు.

ఈ చూపు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి జీవితచరిత్రకారులు రెండు సంగతులు ఎత్తుతారు. షీలె తండ్రి అడోల్ఫ్ డాన్యూబ్ ఒడ్డున టుల్న్ ఊళ్ళో రైల్వే స్టేషన్ మాస్టరు. సిఫిలిస్ ముదిరి, మతి చలించి, 1904 చివరి రోజున చనిపోయాడు. కొడుకుకి అప్పటికి పద్నాలుగేళ్ళు. కోరిక, రోగం, చావు ఒకే దేహంలో ఉంటాయని ఆ ఇంట్లో పిల్లవాడికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేకపోయింది. రెండోది, 1910లో ఎర్విన్ ఫాన్ గ్రాఫ్ అనే స్త్రీవైద్యుడు అతన్ని తన ఆసుపత్రిలోకి రానిచ్చి, అక్కడి గర్భిణులనూ పసికందులనూ గీసుకోనిచ్చాడు. ఈ రెండో సంగతి చదివినప్పుడల్లా నాకు చిత్రకారుడి అదృష్టం ఒక్కటే కాదు, ఆ మంచాల మీద ఉన్న స్త్రీలు కూడా గుర్తుకొస్తారు. వైద్యుడు అనుమతి ఇచ్చాడు సరే, ఆ స్త్రీలను ఎవరైనా అడిగారా?

గీత ఇద్దరిది, రంగు ఒకరిది

షీలె పనితీరు గురించి మనకు దొరికిన సాక్ష్యాల్లో విలువైనది హైన్రిహ్ బెనేష్ రాసిపెట్టినది. ఆయన రైల్వే ఉద్యోగి, పెద్ద ధనవంతుడు కాదు, జీతంలోంచి మిగుల్చుకుని షీలె కాగితాలు కొన్న మనిషి. షీలె ఎంతో వేగంగా, రబ్బరు ముట్టుకోకుండా గీసేవాడని ఆయన చెప్పాడు. మోడల్ కదిలితే, చెరపకుండా, పక్కన కొత్త గీత వేసేవాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: రంగు వేయడం మాత్రం మోడల్ ముందు ఎప్పుడూ జరగలేదట, ఆ తరవాత జ్ఞాపకం నుంచే వేసేవాడట.

ఈ చిన్న వివరం నా మొత్తం వాదనకు ఆధారం. షీలె నగ్నచిత్రంలో గీత పుట్టిన వేళ గదిలో ఇద్దరు మనుషులు ఉన్నారు. రంగు పడిన వేళ ఒక్కడే ఉన్నాడు. భుజం దగ్గర గీత హఠాత్తుగా ఎందుకు వంగింది, మడమ దగ్గర ఎందుకు రెండుగా చీలింది అనే ప్రశ్నలకు సమాధానం సగం అతని చేతిలో ఉంటే, మిగతా సగం ఎదురుగా ఉన్న మనిషి ఊపిరిలో, అలసటలో, మొండితనంలో ఉంది. పసుపు ఎందుకు, ఎరుపు ఎందుకు అనేది మాత్రం పూర్తిగా అతని సొంత సంగతి. విమర్శకులు షీలె ఆవేదన, షీలె కామం, షీలె మృత్యుభయం అంటూ రాసేదంతా రంగుకు బాగా అతుకుతుంది. గీత దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలు చాలవు, ఎందుకంటే అక్కడ ఇంకొకరి ఉనికి కూడా నమోదైంది.

దీన్ని నేను పుస్తకాల్లో చదివి ఊరుకోలేదు, కళ్ళారా చూశాను. హైదరాబాదులో ఒక చిత్రకళా కళాశాలలో పాఠం చెప్పే స్నేహితురాలి వెంట ఒకసారి లైఫ్ స్టడీ క్లాసుకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ రోజు మోడల్‌గా వచ్చినాయన ముసలివాడు, లుంగీ కట్టుకుని, పైన బట్ట లేకుండా, ఒక కాలు మడిచి స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లలు పావుగంట కాకముందే రంగు పెట్టెలు తెరవబోయారు. నా స్నేహితురాలు వెంటనే, 'రంగులు రేపు వేసుకోండమ్మా, తాత కాలు తిమ్మిరెక్కుతోంది, ముందు గీత కానివ్వండి,' అంది. ఆయన ఏమీ అనలేదు. మడిచిన కాలి బొటనవేలు మాత్రం కాస్త పైకి లేచి, మళ్ళీ దిగింది. ఒక అమ్మాయి కాగితం మీద ఆ వేలు రెండుసార్లు పడింది, ఒకటి లేచినది, ఒకటి దిగినది. ఆ గదిలో ఉన్న బొమ్మలన్నిటిలో నాకు నచ్చినది అదే. ఆ రెండో గీత ఆ అమ్మాయి ప్రతిభే, సందేహం లేదు. కానీ అది ఆ తాత కాలి నొప్పి కూడా. షీలె కాగితాల్లో అలాంటి రెండో గీతలు ఎన్నో కనిపిస్తాయి. అవి ఎవరి నొప్పో తెలిసే అవకాశం ఉన్నప్పుడు తెలుసుకోకుండా దాటిపోవడం నాకు సగం చూపుగానే తోస్తుంది.

అద్దం ముందు

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనది కూడా. షీలె ఇతరులను ఎలా గీశాడో తననూ అలాగే గీసుకున్నాడు, ఇంకా కఠినంగా గీసుకున్నాడు. తల్లి ఇంటినుంచి తెచ్చుకున్న నిలువుటద్దం ఒకటి అతను మారిన ప్రతి స్టూడియోకీ వెంట వెళ్ళింది. 1910లో ఆ అద్దం ముందు ఒక మోడల్‌ను నిలబెట్టి, ఆమె వెనక కూర్చుని గీస్తున్న తననూ కలిపి గీసిన పెన్సిలు బొమ్మ అల్బెర్టీనాలో ఉంది. చూసేవాణ్ణి కూడా బొమ్మలోకి లాగి బయటపెట్టిన చిత్రకారుడిని, మోడళ్ళను చాటుగా వాడుకున్నవాడని ఎలా అంటాం అని అడిగేవారు ఉన్నారు.

ఈ మాటలో నిజాయితీ ఉందని ఒప్పుకుంటాను. అతని స్వీయ నగ్నచిత్రాలు లేకపోతే మిగతా నగ్నచిత్రాల మీద నాకు ఈపాటి నమ్మకం కూడా కలిగేది కాదు. అయినా అద్దం ముందు తానే మోడల్ అయినవాడికి ఒక స్వేచ్ఛ ఉంది: చేయి నొప్పి పుడితే దించవచ్చు, నచ్చని కాగితం చింపవచ్చు, బొమ్మ ఎవరికి అమ్మాలో తానే నిర్ణయించవచ్చు. కూలి కోసం వచ్చిన అమ్మాయికి వీటిలో ఏదీ లేదు. తన పట్ల కఠినంగా ఉన్నవాడికి ఇతరుల పట్ల కఠినంగా ఉండే హక్కు దానంతటదే రాదు. కాబట్టి స్వీయచిత్రాలు అతని చూపు నిజాయితీకి సాక్ష్యం అవుతాయేమో గానీ, మోడల్ సమ్మతికి సాక్ష్యం కావు. ఆ రెంటినీ కలిపేసి మాట్లాడటం షీలె మీద రాసిన వ్యాసాల్లో తరచుగా జరుగుతుంది.

నాయ్‌లెంగ్‌బాఖ్

1910 ప్రాంతంలో షీలె స్టూడియోకి వియన్నా పేద వీధుల పిల్లలు వచ్చిపోయేవారు. అతని మిత్రుడు గ్యూటర్స్‌లో జ్ఞాపకం ప్రకారం వాళ్ళు ఇంటి దెబ్బలు తప్పించుకుని వచ్చి అక్కడ నిద్రపోయేవారు, ఊరికే పడి ఉండేవారు. షీలెను సమర్థించేవారు ఈ జ్ఞాపకాన్ని అతని దయకు గుర్తుగా చెబుతారు. దయ ఉండే ఉంటుంది, కాదనను. కానీ ఇంట్లో దెబ్బలు తినే పిల్లలకు వెచ్చని గది ఇచ్చే మనిషి 'కూర్చో' అంటే వాళ్ళు కాదనగలిగే స్థితిలో లేరన్న సంగతి కూడా అదే జ్ఞాపకంలో ఉంది. అలాంటి పిల్లలను బట్టలు లేకుండా గీయడం తప్పు. కాలం వేరని చెప్పి నేను దాన్ని మెత్తబరచను. అతని చెల్లెలు గెర్టీ కూడా పదిహేను, పదహారేళ్ళ వయసులో అతనికి మోడల్‌గా ఉంది.

కాలం వేరన్న వాదన నిలవదనడానికి కారణం ఆ కాలమే అతని మీద కేసు పెట్టడం. 1911లో తన తల్లి పుట్టిన ఊరు క్రుమావ్‌లో తన మోడల్, సహచరి అయిన వాలీ నోయ్‌జిల్‌తో కలిసి కాపురం పెట్టి, ఊరివాళ్ళ వ్యతిరేకతతో అక్కడినుంచి కదలవలసి వచ్చింది. తరవాత చేరిన ఊరు నాయ్‌లెంగ్‌బాఖ్. 1912 ఏప్రిల్‌లో అక్కడ పోలీసులు అతన్ని అరెస్టు చేసి, వందకు పైగా కాగితాలు పట్టుకుపోయారు. ఇంటినుంచి పారిపోయి వీళ్ళ దగ్గరికి వచ్చిన ఒక పదమూడేళ్ళ అమ్మాయి విషయంలో మోపిన తీవ్రమైన ఆరోపణలు నిలవలేదు. పిల్లల కంటపడేలా అశ్లీల చిత్రాలు ఉంచాడన్న నేరం మాత్రం రుజువైంది. మొత్తం 24 రోజులు నిర్బంధంలో గడిపాడు. విచారణలో న్యాయాధికారి ఒక బొమ్మను కొవ్వొత్తి మంట మీద కాల్చాడని చెబుతారు.

ఈ తీర్పును తలచుకుంటే నాకు కలిగేది రెండు వైపులా అసంతృప్తి. బొమ్మను కాల్చిన చేతి పక్షాన నేను ఎప్పటికీ నిలబడలేను. కానీ ఆ న్యాయస్థానానికి పట్టింది ఏమిటి? గోడ మీద బొమ్మ చూసిన పిల్లల కళ్ళు పాడవుతాయేమోనన్న దిగులు. కుర్చీలో బొమ్మకు కూర్చున్న పిల్లల గురించి అది నేరంగా పేర్కొన్నదేమీ లేదు. చూసేవాడి మర్యాద కాపాడటమే కోర్టు పనైంది. నూరేళ్ళ తరవాత లండన్‌లో పోస్టర్లు వద్దన్నవారి దిగులు కూడా దారిన పోయేవారి కళ్ళ గురించే. రెండు కాలాల్లోనూ ఎదురుగా కూర్చున్న మనిషి లెక్కలోకి రాలేదు.

జైలు గదిలో అతను వేసిన నీటిరంగుల కాగితాలు పదమూడు ఉన్నాయి. వాటిలో ఒకటి ఖాళీ గది, మంచం, దాని మీద ఒక నారింజ పండు. 'ఆ ఒక్క నారింజే వెలుగు' అని దాని మీద రాసుకున్నాడు. ఆ పండు తెచ్చి ఇచ్చింది వాలీ. అక్కడ అద్దం లేదు కాబట్టి తన బొమ్మలను ఊహనుంచే గీసుకున్నాడు. జైలు దినచర్య పేరుతో 1922లో షీలెను ప్రోత్సహించిన కళావిమర్శకుడు ఆర్థర్ రోస్లర్ అచ్చువేసిన పుస్తకం చాలావరకు రోస్లర్ చేతి రాత అనే పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే అమాయక కళాకారుడి బలిదానం అన్న కథను ఆ పుస్తకం ఆధారంగా చెప్పేవారిని నేను పెద్దగా నమ్మను.

యజమానుల పేర్లు

ఇక్కడినుంచి నా ఫిర్యాదు మ్యూజియాల వైపు తిరుగుతుంది. ఒక షీలె కాగితం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో తేల్చడానికి గత మూడు దశాబ్దాల్లో జరిగిన శ్రమ అసాధారణమైనది, అవసరమైనది కూడా. వియన్నా హాస్యనటుడు ఫ్రిట్జ్ గ్రూన్‌బామ్ దగ్గర షీలె చిత్రాలు 81 ఉండేవి. నాజీలు అతన్ని దాఖౌ నిర్బంధ శిబిరానికి పంపి, అక్కడ అతని చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని ఆస్తి కాజేశారు. 1941లో అతను అక్కడే చనిపోయాడు. 2018లో న్యూయార్క్ కోర్టు అతని సేకరణలోని రెండు చిత్రాలను వారసులకు ఇప్పించింది. 2023లో మరో ఏడు కాగితాలు అమెరికన్ మ్యూజియాల నుంచీ, సేకర్తల నుంచీ తిరిగి వచ్చాయి. ఈ న్యాయం జరిగినందుకు నాకు మనస్ఫూర్తిగా సంతోషం.

2018లో తిరిగి ఇచ్చిన ఆ రెండింటిలో ఒకదాని పేరు 'ముఖం దాచుకున్న స్త్రీ'. 1912 నాటిది. దాన్ని కొన్నవారి పేర్లు, అమ్మినవారి పేర్లు, పోగొట్టుకున్న యజమాని పేరు, తిరిగి ఇప్పించిన న్యాయమూర్తి పేరు అన్నీ రికార్డులో ఉన్నాయి. ముఖం దాచుకున్న ఆ మనిషికి శీర్షికలో మిగిలింది 'స్త్రీ' అన్న ఒక్క మాట. ఆస్తి ఎవరిదో తేల్చడానికి పెట్టిన శ్రద్ధలో పదోవంతు ఆ దేహం ఎవరిదో తెలుసుకోవడానికి పెట్టగలిగినా, ఇవాళ షీలె ప్రదర్శనల రూపం మరోలా ఉండేది.

వాలీ విషయమే చూడండి. 1911లో పదహారు, పదిహేడేళ్ళ వయసులో షీలె దగ్గరికి వచ్చింది, నాలుగేళ్ళు అతనికి మోడల్‌గా, సహచరిగా ఉంది, జైలు బయట నిలబడింది. 1915లో పెళ్ళి ప్రస్తావన వచ్చేసరికి, తనకు లాభసాటి సంబంధం చేసుకునే ఉద్దేశం ఉందనీ, అది బహుశా వాలీతో కాదనీ షీలె రోస్లర్‌కు ఉత్తరం రాశాడు. ఎదురింటి అమ్మాయి ఎడిత్ హార్మ్స్‌ను పెళ్ళాడాడు. ఏటా వేసవిలో కొన్నాళ్ళు కలిసి గడుపుదామన్న అతని ప్రతిపాదనను వాలీ తిరస్కరించి వెళ్ళిపోయింది. నర్సుగా శిక్షణ పొంది, యుద్ధకాలంలో డాల్మేషియాలోని సిన్య్ పట్టణంలో పనిచేస్తూ, 1917 డిసెంబరులో స్కార్లెట్ జ్వరంతో చనిపోయింది. ఇరవై మూడేళ్ళు. ఆ మరుసటి ఏడాది అక్టోబరులో స్పానిష్ ఫ్లూ సోకి గర్భిణి అయిన ఎడిత్, మూడు రోజుల తేడాలో ఇరవై ఎనిమిదేళ్ళ షీలె కూడా పోయారు.

వాలీ పేరు లోకానికి విస్తృతంగా తెలిసింది ఒక ఆస్తి తగాదా వల్ల. షీలె వేసిన ఆమె రూపచిత్రం ప్రదర్శనకు వెళ్ళినప్పుడు 1998లో న్యూయార్క్‌లో అధికారులు దాన్ని తిరిగి వెళ్ళనివ్వకుండా ఆపేశారు, అది నాజీలు దోచిన సొత్తా కాదా అనే వివాదం 2010లో 1.9 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. అయితే 2015లో వియన్నాలోని లియోపోల్డ్ మ్యూజియం ఆమె జీవితం మీదే ఒక ప్రదర్శన పెట్టింది. ఆమె పుట్టిన ఊరు, చేసిన పనులు, చనిపోయిన చోటు అందులో సందర్శకులకు తెలిశాయి. వెతికితే దొరుకుతుందనడానికి అది రుజువు. ఆ వివరాలు తెలిశాక వాలీని గీసిన కాగితాలను చూస్తే నాకు వాటి అందం తగ్గలేదు. అంతకు ముందు షీలె ఆవేశంగా చదువుకున్న ఒక సూటి చూపు, ఒక పెదవి బిగింపు, ఆమెవిగా కనిపించడం మొదలైంది.

చూపును లేబుల్ శాసిస్తుందన్న భయం

నాతో ఏకీభవించని మిత్రుడొకాయన, తానే బొమ్మలు వేస్తాడు, నా మాట విని చాలా కటువుగా జవాబిచ్చాడు. 'నువ్వు గోడ మీద కేసు ఫైలు తగిలించమంటున్నావు. జనం ముందు అది చదువుతారు, తీర్పు ఇచ్చేస్తారు, ఆ తరవాత బొమ్మకేసి చూడరు,' అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. పక్కనున్న నాలుగు వాక్యాలు చదివి, తల అడ్డంగా ఊపి, బొమ్మ ముందు నిలబడకుండానే వెళ్ళిపోయేవాళ్ళను ఏ గ్యాలరీలోనైనా చూడవచ్చు. పైగా కొందరు లేబుల్ రచయితలకు ఉపన్యాసం ఇచ్చే అలవాటు ఉంది. 'సమస్యాత్మకం' అన్న ఒక్క మాటతో పని అయిపోయిందనుకుంటారు. అలాంటి లేబుల్ నాకూ అక్కర్లేదు.

కానీ 'ఆసీన నగ్న, పెన్సిలు, నీటిరంగు, 1910' అని రాసిన లేబుల్ కూడా చూపును శాసిస్తూనే ఉంది. ఇక్కడ చూడవలసింది పెన్సిలు, నీటిరంగు మాత్రమే అని అది కూడా ఒక ఆజ్ఞే ఇస్తోంది. ఏ లేబులూ లేని చూపు మ్యూజియంలో దొరకదు గనుక, ప్రశ్న ఏ వివరాలు రాయాలన్నదే. తీర్పులు రాయమని నేను అడగడం లేదు, సమాచారం రాయమంటున్నాను. కాగితం ఏ రకమో, ఎవరు కొన్నారో ఎంత నిర్వికారంగా రాస్తారో అంతే నిర్వికారంగా మోడల్ సంగతీ రాయాలి. వయసు తెలిసిన చోట అంకె వేయాలి.

నాకు ఇంకా తేలని ఒక చిక్కు మిగిలే ఉంది. ఆ పేద వీధుల పిల్లల పేరు ఎక్కడైనా దొరికినా దాన్ని బయటపెట్టడం వాళ్ళకు మేలా, రెండోసారి చేసే అన్యాయమా? వాళ్ళు ఇప్పుడు లేరు, వాళ్ళ మనవలు ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలో పేరు కంటే పరిస్థితి రాయడమే సబబేమోనని, ప్రస్తుతానికి, నాకు తోస్తోంది. అలాంటి కాగితాలను గోడ మీద పెట్టే తీరాలా, అడిగిన పరిశోధకులకు చూపిస్తే చాలదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. పిల్లల బొమ్మల మటుకు నేను రెండో వైపే మొగ్గుతాను. మిగిలినవాటికి, వయసొచ్చిన స్త్రీపురుషులు కూర్చున్న ఆ వందలాది కాగితాలకు, ఏ పట్టీ అక్కర్లేదు. 'మోడల్ పేరు నమోదు కాలేదు, వియన్నాలో కూలికి కూర్చున్న స్త్రీ, రంగు ఆమె వెళ్ళాక వేసినది' అని రాయడానికి రెండు వరుసల చోటు చాలు, ఆ చోటు ప్రతి మ్యూజియం గోడ మీదా ఇప్పటికే ఉంది.